వైజాగ్‌లో కొత్తగా సంపాదిస్తున్నవాళ్ళకి: సైటా, చీటీనా, బంగారమా, సిప్పా?

మన వైజాగ్‌లో ఎవరింట్లో డబ్బుల మాట వచ్చినా ఐదు నిమిషాల్లో అది సైట్ల మీదకి వెళ్ళిపోద్ది. మధురవాడలో ఫలానా ఆయన అప్పుడెప్పుడో కొన్నాడు, ఇప్పుడు డబులయిపోయింది, మనమూ కొనుక్కోవాల్సింది అని. డబులయిన మాట నిజమే కావచ్చు, కానీ ఎన్నేళ్ళకి డబులయింది అని ఎవరూ అడగరు. పదేళ్ళలో డబులయిందంటే ఏడాదికి 7 శాతం చిల్లర, అంతే. అదే ఐదేళ్ళలో అయ్యుంటే 14 శాతం పైన. లెక్క చాలా సింపుల్, 72ని ఎన్నేళ్ళు పట్టిందో ఆ నంబర్‌తో భాగించండి, వచ్చేదే ఇంచుమించుగా ఏడాదికి వచ్చిన శాతం. ఈ ఒక్కటి వచ్చేస్తే సైటుని సిప్‌తో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కట్టేది), చీటీని ఆర్డీతో (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్), బంగారాన్ని ఎఫ్‌డీతో (బ్యాంకులో ఒకేసారి వేసే డిపాజిట్) పక్కపక్కన పెట్టి చూడొచ్చు, ఎవరో చెప్పిన కబుర్ల మీద ఆధారపడక్కర్లేదు.

ఇంకోటి, నా దృష్టిలో శాతం కంటే కూడా ముఖ్యమైనది, ఆ డబ్బు మీకు మళ్ళీ ఎప్పుడు కావాలి అన్నది. ఇరవై రెండు, ఇరవై ఐదేళ్ళ వయసులో ఉద్యోగం మారొచ్చు, హైదరాబాద్ వెళ్ళాల్సి రావొచ్చు, చెల్లి పెళ్ళి రావొచ్చు, నాన్నకి ఆపరేషన్ రావొచ్చు, అలాంటప్పుడు అడిగితే చేతికొచ్చే డబ్బు వేరు, కాగితం మీద లక్షలున్నా రూపాయి బయటికి తియ్యలేని డబ్బు వేరు. అందుకే ప్రతిదానికీ ఈ రెండు ప్రశ్నలే పెట్టి చూస్తున్నా: ఏడాదికి ఎంత, కావాలంటే ఎన్ని రోజుల్లో చేతికి.

అన్నిటికంటే ముందు

క్రెడిట్ కార్డు బాకీ నెలనెలా మిగిలిపోతుంటే మిగతాది చదవడం ఆపి ముందు అది తీర్చెయ్యండి. పెద్దాళ్ళ లెక్కలో చెప్పాలంటే అది ఇంచుమించు మూడున్నర రూపాయల వడ్డీ, అంటే నెలకి నూటికి మూడున్నర. ఊళ్ళో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడంటే ఆ ఇంటి పని అయిపోయిందనుకుంటాం కదా, కార్డు మీద మాత్రం మినిమం డ్యూ కట్టేస్తూ అదే పని చేస్తాం. ఏడాదికి నలభై శాతం కడుతూ ఇంకోపక్క 12 శాతం వస్తాదని సిప్ పెట్టడంలో అర్థం లేదు.

తర్వాత, నాలుగైదు నెలల ఖర్చు పక్కన ఉండాలి, సేవింగ్స్‌లో కొంత, ఎఫ్‌డీలో కొంత. బ్యాంకు మునిగినా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది, 2020 ఫిబ్రవరి నుంచి ఈ లిమిట్ (అంతకుముందు లక్షే). అందులో కొంచెం నోట్ల రూపంలో ఇంట్లో కూడా పెట్టుకోమంటాను, ఇది వైజాగ్ వాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఏటీఎంలు పనిచెయ్యలేదు, పాల ప్యాకెట్‌కీ నీళ్ళ క్యాన్‌కీ కూడా చేతిలో నోట్లే దిక్కయ్యాయి. ఇప్పుడు మన డబ్బంతా ఫోన్లోనే ఉంది, అప్పటికంటే ఇంకా ఇబ్బంది.

హెల్త్ ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట. కంపెనీ ఇచ్చిన పాలసీ ఉద్యోగం మానేసిన రోజుతో పోతుంది, అది గుర్తుపెట్టుకుని సొంతంగా చిన్నదైనా ఒకటి ఉంచుకోండి. మీ జీతం మీద ఇంట్లో ఎవరైనా బతుకుతుంటే టర్మ్ పాలసీ (మనకేమైనా అయితేనే ఇంట్లోవాళ్ళకి డబ్బొచ్చే పాలసీ) కూడా తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు కాబట్టి ఆ వంక కూడా లేదు.

చీటీ పాట

చీటీ అంటే మనవాళ్ళకి ఉన్న నమ్మకం బ్యాంకు మీద కూడా ఉండదు. అందుకే దీన్ని సరిగ్గా లెక్కేసి చూద్దాం. లక్ష రూపాయల చీటీ, 20 మంది, నెలకి 5 వేలు, 20 నెలలు. ఒక నెల పాటలో ఎవరో 20 వేలు తగ్గించి 80 వేలకి ఎత్తుకున్నారనుకోండి. ఆ 20 వేల్లో ఫోర్‌మన్ (చీటీ నడిపే మనిషి) కమిషన్, లక్ష మీద 5 శాతం, అంటే 5 వేలు తీసేస్తే మిగిలిన 15 వేలు ఇరవై మందికి పంచుతారు, తలకి 750. అంటే ఆ నెల మీరు కట్టేది 4,250. మొదటి నెలల్లో అవసరం ఉన్నవాళ్ళు ఎక్కువ తగ్గించి పాడతారు, చివరికొచ్చేసరికి తగ్గింపు కమిషన్ దాకా వచ్చేస్తుంది.

ఇప్పుడు మీరు చివరిదాకా ఆగి ఎత్తుకున్నారు. మొత్తం మీద సగటున నెలకి 4,500 కట్టారనుకుంటే 90 వేలు కట్టారు, చేతికి 95 వేలు వచ్చింది. 5 వేల లాభం కనిపిస్తుంది, దాన్ని ఏడాది వడ్డీగా మారిస్తే 7 శాతం అటూఇటూ, అంటే ఆర్డీలో ఎంత వస్తుందో అంతే. మరి రెండో నెలలోనే 70 వేలకి ఎత్తుకున్నవాళ్ళ పరిస్థితేంటి? వాళ్ళు మిగతా పద్దెనిమిది నెలలు కట్టుకుంటూ పోతే ఆ డబ్బు మీద పడే వడ్డీ నెలకి నూటికి ఇంచుమించు మూడు రూపాయలు తేలుతుంది. పర్సనల్ లోన్ కంటే చాలా ఎక్కువ. చీటీ మనదే కదా మన డబ్బే కదా అనుకుంటాం, అది అప్పని తోచదు, అక్కడే దెబ్బ.

కాబట్టి కూడబెట్టడానికి చీటీ వేస్తే ఆర్డీ అంత వస్తుంది, రిస్కు మాత్రం ఆర్డీకి లేనిది. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టర్ అయిన చీటీ అయితే రిజిస్ట్రార్ దగ్గర ఫిర్యాదు చెయ్యడానికి దారి ఉంది, ఫోర్‌మన్ సెక్యూరిటీ కట్టి ఉంటాడు. చట్టం ప్రకారం కమిషన్ 7 శాతం దాకా తీసుకోవచ్చు, అది ఎంతో చేరేముందే అడగండి. కాలనీలో పిన్నిగారు నోటు పుస్తకం మీద నడిపే చీటీకి ఇవేవీ లేవు, ఆవిడ మంచావిడే అయ్యుండొచ్చు, కానీ ఎత్తుకున్నవాళ్ళు ఇద్దరు కట్టడం మానేస్తే ఆవిడ మాత్రం ఎక్కడినుంచి తెస్తారు. ఒక్క రకం మనుషులకి మాత్రం నేను చీటీ బాగుంటుందంటాను, అకౌంట్లో ఉంటే ఖర్చయిపోయేవాళ్ళకి, ఎవరో ఒకరు నెలనెలా అడిగితేనే కట్టేవాళ్ళకి. అలాంటివాళ్ళు కూడా రిజిస్టర్డ్‌దే వెయ్యండి, ఎత్తుకున్నాక షూరిటీ సంతకాలు కావాలంటారు, దానికి ముందే ఏర్పాటు చేసుకోండి, లేకపోతే పాట పాడినా డబ్బు చేతికి రాదు.

బంగారం

కురుపాం మార్కెట్‌లో నగ కొన్నారనుకోండి, బిల్లు ఒకసారి నిదానంగా చూడండి. బంగారం ధర ఒక లైను, తరుగు, మజూరీ ఒక లైను, పైన జీఎస్టీ 3 శాతం. తరుగు మజూరీలు కలిపి నగని బట్టి పది, పదిహేను శాతం దాకా కూడా పోతాయి, అమ్మేటప్పుడు అందులో రూపాయి వెనక్కి రాదు. అంటే ధర పదిహేను శాతం పెరిగేదాకా మీరు నష్టంలోనే ఉన్నట్టు. వేసుకోవడానికి కొనండి, అమ్మకి కొనిపెట్టండి, సంతోషం, కానీ దాన్ని ఇన్వెస్ట్‌మెంట్ ఖాతాలో రాసుకోకండి. దాచుకోవడానికే అయితే బిళ్ళలు, లేదా డీమ్యాట్ (షేర్లు ఉంచుకునే అకౌంట్) ఉంటే గోల్డ్ ఈటీఎఫ్ (బంగారం ధరతో నడిచే, షేరులా కొనే ఫండ్), దీనికి తరుగూ లేదు, లాకరూ అక్కర్లేదు. ప్రభుత్వం ఇచ్చే సావరిన్ గోల్డ్ బాండ్లు చాలా మంచివి గానీ 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి రాలేదు, పాతవి ఎక్స్చేంజ్‌లో ఎవరైనా అమ్మితే కొనుక్కోవడమే. యాప్‌లలో పది రూపాయలకి కూడా అమ్మే డిజిటల్ గోల్డ్ మీద మార్కెట్లని చూసుకునే సెబీ పర్యవేక్షణ లేదు, దాన్ని వదిలెయ్యండి.

నగల షాపు పదకొండు నెలల స్కీము కూడా అంతే, చివర్లో నగే తీసుకోవాలి, డబ్బు ఇవ్వరు, బ్యాంకు డిపాజిట్‌కి ఉన్న ఇన్సూరెన్స్ దీనికి లేదు. ఏడాది తర్వాత పెళ్ళి ఉండి ఎలాగూ కొనాల్సి ఉంటే తప్ప అక్కర్లేదు. ఏది కొన్నా హాల్‌మార్క్ మీద ఆ నగకే ఇచ్చే ఆరక్షరాల కోడ్, హెచ్‌యూఐడీ, ఉందో లేదో చూసి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి, 2023 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి.

బంగారానికి ఒక గొప్ప గుణం ఉంది, అది ఒప్పుకోవాలి. అర్ధరాత్రి హాస్పిటల్ అవసరం వస్తే పొద్దున్నే బ్యాంకుకి వెళ్ళి తాకట్టు పెడితే ఆ పూటకే డబ్బు చేతికొస్తుంది. సైటు ఆ పని ఎప్పటికీ చెయ్యలేదు.

సైటు

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనూళ్ళో కుర్రాళ్ళ మొదటి పదేళ్ళ జీతాన్ని ఎక్కువగా మింగేసేది ఇదే. మద్దిలపాలెం దాటి హైవే మీద ఆనందపురం, తగరపువలస వైపు వెళ్తే రెండు పక్కలా హోర్డింగులు, అన్నిట్లోనూ భోగాపురం ఎయిర్‌పోర్టుకి ఇన్ని నిమిషాలు అని ఉంటుంది. ఎయిర్‌పోర్టు సంగతి మీకు తెలిసినట్టే అమ్మేవాళ్ళకీ తెలుసు, ఆ పెరుగుదల ఈరోజు చెప్పే గజం రేటులో చాలావరకు కలిసిపోయే ఉంది. మీరు కొనేది ఎయిర్‌పోర్టు వచ్చాక ఇంకా పెరుగుతాదేమో అన్న ఆశని.

ఉదాహరణకి గజం 20 వేలు అనుకుందాం, 150 గజాలు, 30 లక్షలు. రిజిస్ట్రేషన్‌కి మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం, ఇంకో 2 లక్షల 25 వేలు. 20 లక్షలు లోను, 9 శాతం, 15 ఏళ్ళు అంటే ఈఎంఐ 20,300 దాకా. మిగతా 12 లక్షలు నాన్నగారి పీఎఫ్‌లోంచో అమ్మ బంగారంలోంచో వస్తాయి. నలభై వేల జీతంలో సగం పోయాక ఇంక వేరే దేనికీ మిగలదు, ఉద్యోగం నచ్చకపోయినా మానెయ్యలేరు. పదేళ్ళకి అది 60 లక్షలయినా ఏడాదికి 7 శాతం, మీరు లోను మీద కట్టింది 9. పైగా ఖాళీ స్థలం అద్దె ఇవ్వదు, తుప్పలు కొట్టించాలి, రాళ్ళు పాతించాలి, ఎవరూ ఆక్రమించకుండా అప్పుడప్పుడూ వెళ్ళి చూసుకోవాలి. ఇరవై ఐదో ఏట బెంగుళూరులో ఉద్యోగం వచ్చిన అబ్బాయి ఇవన్నీ ఎలా చూస్తాడు, చివరికి నాన్నే బండేసుకుని వెళ్ళాలి.

అమ్మడం ఇంకో కథ. కొనేవాడు దొరకడానికి నెలలు పడుతుంది, అవసరంలో ఉన్నారని తెలిస్తే రేటు తగ్గించి అడుగుతారు, మూడు లక్షలు కావాలని పది గజాలు కోసి అమ్మలేం.

అయినా కొందామనుకుంటే, అది తప్పని నేను అనను, ముప్పై దాటాక, మిగతావి కుదిరాక, అక్కడే ఇల్లు కట్టుకునే ఉద్దేశం ఉంటే కొనొచ్చు. కానీ టోకెన్ ఇచ్చే ముందే ఈ పనులు చెయ్యండి. వీఎంఆర్‌డీఏ లేదా జీవీఎంసీ లేఔట్‌కి అనుమతిచ్చిన ఎల్‌పీ నంబరు, రెరా (రియల్ ఎస్టేట్‌ని నియంత్రించే సంస్థ) నంబరు రెండూ అడిగి మీరే ఆన్‌లైన్‌లో చూసుకోండి, బ్రోచర్లో ఉంది కదా అని ఊరుకోవద్దు. రెరా రిజిస్ట్రేషన్ కాకముందే ప్రీ లాంచ్ ఆఫర్ అని డబ్బు తీసుకోవడం చట్టానికి విరుద్ధం, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతం మించి అడ్వాన్స్ అడగకూడదని కూడా చట్టంలోనే ఉంది. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే కాగితం) ముప్పై ఏళ్ళది తియ్యండి. సర్వే నంబరు 22ఏ లిస్టులో (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితా) ఉందేమో చూడండి. డీ పట్టా భూమి (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి) అయితే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు, 1977 అసైన్డ్ భూముల చట్టం అలాంటి అమ్మకాన్ని సాధారణంగా ఒప్పుకోదు. అడవివరం, వేపగుంట వైపు పంచగ్రామాల్లో సింహాచలం దేవస్థానం భూముల వివాదం ఎన్నేళ్ళుగా నలుగుతోందో మనందరికీ తెలుసు, అలాంటి చోట్ల నోటరీ కాగితాల మీద అమ్ముతామంటే ఇల్లు కట్టేసున్నా సరే దూరంగా ఉండండి. చివరగా ఒక జాతీయ బ్యాంకుకి కాగితాలిచ్చి లోను అడగండి, మీకు లోను అవసరం లేకపోయినా సరే. వాళ్ళ లాయరు కుదరదన్నాడంటే కారణం ఉంటుంది.

సిప్

నెలకి 5 వేలు, ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ, సెన్సెక్స్ లాంటి సూచీలో ఉన్న షేర్లనే కొనే ఫండ్). ఇరవై ఏళ్ళలో మీరు కట్టేది 12 లక్షలు. ఏడాదికి 12 శాతం వస్తే 50 లక్షలు, 10 వస్తే 38 లక్షలు, ఆర్డీలాగా 7 వస్తే 26 లక్షలు. పదేళ్ళకే చూస్తే 12 శాతానికి 11 లక్షల 60 వేలు, 7 శాతానికి 8 లక్షల 70 వేలు, తేడా పెద్దగా లేదు కదా, అసలు తేడా రెండో పదేళ్ళలోనే వస్తుంది. ఇరవై రెండో ఏట మొదలుపెట్టినవాళ్ళకి ఉన్న లాభం ఇదొక్కటే, ఇది ఎక్కువ జీతం ఉన్న నలభై ఏళ్ళవాళ్ళకి కూడా దొరకదు.

కానీ 12 శాతం అని ఎవరూ రాసివ్వరు. 2020 జనవరిలో 12 వేల పైన ఉన్న నిఫ్టీ మార్చి 23కి 7,600కి పడిపోయింది, అప్పుడు భయపడి ఆపేసినవాళ్ళు నష్టాన్ని ఖాయం చేసుకున్నారు, కట్టుకుంటూ పోయినవాళ్ళకి నవంబర్‌కల్లా తిరిగొచ్చింది. ఎప్పుడూ అంత త్వరగా రాదు. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేలు, అక్టోబర్ చివరికి 8 వేల దగ్గర, 2010 చివర్లో మళ్ళీ పైకొచ్చి జారింది, గట్టిగా దాటింది 2013 చివర్లోనే. కాబట్టి ఏడెనిమిదేళ్ళు ముట్టుకోని డబ్బే ఇందులో పెట్టాలి. కావాలంటే మాత్రం రెండుమూడు వర్కింగ్ డేస్‌లో అకౌంట్లో పడుతుంది, వెయ్యి కావాలంటే వెయ్యే తీసుకోవచ్చు.

డైరెక్ట్ ప్లాన్ తీసుకోండి, రెగ్యులర్ కాదు. రెగ్యులర్‌లో ఏజెంటు కమిషన్ మీ డబ్బులోంచే ఏటా వెళ్తుంది. ఒక్క శాతం తేడా ఉన్నా పైన చెప్పిన 50 లక్షలు 44 లక్షల దాకా తగ్గిపోతుంది. ఏడాది దాటాక అమ్మితే ఆ ఏడాది లాభంలో లక్షా 25 వేల వరకు ట్యాక్స్ లేదు, ఆపైన 12.5 శాతం.

షేర్ మార్కెట్ అనగానే ఆఫీసులో ఎవరో ఒకరు ఆప్షన్స్ చేద్దాం అంటారు, అంటే షేర్ల ధర ఎటు వెళ్తుందో దాని మీద పందెం లాంటిది. 2021-22 నుంచి మూడేళ్ళ లెక్కలు తీసి సెబీ 2024లో చెప్పింది, ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం లక్షా 80 వేల కోట్లకి పైగా. అది కూడబెట్టడం కాదు, దాని జోలికి వెళ్ళకండి. టెలిగ్రామ్‌లో రోజుకి రెండు శాతం ఇస్తామనే గ్రూపులకీ ఇదే మాట.

పీఎఫ్, పీపీఎఫ్, పాలసీలు

ఈపీఎఫ్ (జీతంలోంచి కట్ అయ్యే పీఎఫ్) 2024-25కి 8.25 శాతం ఇచ్చారు, ఇంత సేఫ్‌గా ఇంత వడ్డీ ఇంకెక్కడా దొరకడం కష్టం. అచ్యుతాపురం, పరవాడ, దువ్వాడ కంపెనీల్లో చేసే పిల్లలు కంపెనీ మారినప్పుడల్లా ఆ ముప్పై నలభై వేలు తీసేసి ఫోను కొనేస్తుంటారు, దయచేసి అలా చెయ్యొద్దు, యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) ఒకటే కాబట్టి ట్రాన్స్‌ఫర్ పెట్టండి. ఐదేళ్ళ సర్వీసు లేకుండా తీస్తే ట్యాక్స్ కూడా పడుతుంది. ఈపీఎఫ్ లేని ఉద్యోగమో సొంత పనో అయితే పీపీఎఫ్ (బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఎవరైనా తెరవగలిగే ప్రభుత్వ పీఎఫ్) తెరవండి, 7.1 శాతం, 15 ఏళ్ళు, ఏడాదికి 500 కట్టినా చాలు.

మావయ్యే ఏజెంటు కాబట్టి మార్చిలో తీసుకునే ఎండోమెంట్ పాలసీల (ఇన్సూరెన్సూ పొదుపూ కలిపి అమ్మేవి) విషయానికొస్తే, వచ్చేది 5, 6 శాతం, కవర్ చాలా తక్కువ, మధ్యలో ఆపితే నష్టం. ట్యాక్స్ కోసం అనే కారణం కూడా ఇప్పుడు లేదు, కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ విధానంలో జీతగాళ్ళకి 12 లక్షల 75 వేల వరకు ట్యాక్సే పడదు, అందులో 80సీ (పాలసీల్లాంటివాటికి ఇచ్చే మినహాయింపు) పనికిరాదు. మావయ్యతో మర్యాదగా, టర్మ్ పాలసీ అయితే మీ దగ్గరే తీసుకుంటా మావయ్యా అని చెప్పండి, సంబంధం చెడదు.

మరి ఎవరు ఏం చెయ్యాలి

పరవాడ వైపు రూములో ఉండి 18, 20 వేలు సంపాదిస్తున్నవాళ్ళు: పీఎఫ్ కదపకుండా, రెండు వేలు ఆర్డీ, 500 సిప్, ఆర్డీ అయ్యాక అది అత్యవసరం డబ్బు. ఇంతకంటే చెయ్యలేదని బాధపడక్కర్లేదు, జీతం పెరిగిన నెలలోనే సిప్ పెంచండి.

అమ్మానాన్నలతో ఉంటూ రుషికొండలో 35, 40 వేల ఉద్యోగం చేస్తున్నవాళ్ళకి ఇది దొరకని అవకాశం, అద్దె లేదు, మెస్ ఖర్చు లేదు. ఇంట్లో ఎంతో కొంత ఇచ్చాక కూడా 15 వేలు పక్కన పెట్టొచ్చు. మొదటి ఏడాది మొత్తం ఎఫ్‌డీకే, తర్వాత 10 వేలు ఇండెక్స్ ఫండ్ సిప్, 3 వేలు పీపీఎఫ్, మిగిలింది గోల్డ్ ఈటీఎఫ్.

రెండుమూడేళ్ళలో చెల్లి పెళ్ళి ఉంటే ఆ డబ్బు సిప్‌లో అస్సలు పెట్టకండి, ఆర్డీ, ఎఫ్‌డీ, బంగారం బిళ్ళలు, అంతే. మార్కెట్ పడిందని ముహూర్తం వాయిదా వెయ్యలేం కదా.

ఇంట్లో నాన్నగారు సైటే కొనాలని పట్టుబడితే వాదించకుండా ఒక కాగితం మీద ఈఎంఐ, రిజిస్ట్రేషన్ ఖర్చు, పదేళ్ళ తర్వాత రేటు ఎంతయితే లోను వడ్డీ దాటుతుందో రాసి చూపించండి. 9 శాతం దాటాలంటే 30 లక్షల సైటు పదేళ్ళకి 71 లక్షలు అవ్వాలి, రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపితే ఇంకా ఎక్కువ. అంతవుద్దని ఆయనకి నమ్మకం ఉందో లేదో అడగండి. చాలామంది తండ్రులు ఆ లెక్క చూశాక మూడేళ్ళు ఆగుదాంలే అంటారు. ఆ మూడేళ్ళలో డౌన్ పేమెంట్ మీదే పోగవుతుంది, లోను తగ్గుద్ది.

పైన చెప్పినవాటిలో ఏది తెరిచినా అదే రోజు నామినీ పేరు పెట్టెయ్యండి, పీఎఫ్‌లో ఆన్‌లైన్‌లో పెట్టే ఈ-నామినేషన్, డీమ్యాట్‌లో, ఫండ్ ఫోలియోలో, అన్నిట్లోనూ. అకౌంట్లన్నీ ఫోన్లో ఉండి అమ్మకి ఏ బ్యాంకులో ఏముందో కూడా తెలియని ఇళ్ళు చాలా ఉన్నాయి, కాబట్టి ఒక పుస్తకంలో రాసి బీరువాలో పెట్టి ఎక్కడుందో ఇంట్లో చెప్పండి, పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయొద్దు.